బుడ్డి బడికి వెళ్దామంది

ఆ వీధిలో ఆమెని అందరూ సీసాలమ్మ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఊరి నీళ్లను పరీక్షించే ల్యాబులో ఆమెకు ఉద్యోగం. పొద్దున్నే భుజానికి ఓ పెట్టె తగిలించుకుని కుళాయిల వెంట బయల్దేరేది. నడుస్తుంటే పెట్టెలో గాజు సీసాలు గలగలమనేవి. ఆ చప్పుడు వినగానే వీధి మొదట్లో ఇస్త్రీ చేసే ఆయన తలెత్తకుండానే అడిగేవాడు.

"మా కుళాయి పాసయిందా అమ్మా?"

"అయింది. మార్కులే కాస్త తక్కువొచ్చాయి."

"మావాడిలాగే అన్నమాట" అనేవాడాయన, చొక్కా కాలరు తిరగేస్తూ.

అలాంటి తల్లికి పుట్టిన పిల్లను ఏమని పిలవాలా అని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన పని లేకపోయింది. సీసాలమ్మ కూతురు బుడ్డి.

సీసాలమ్మ చదివింది రసాయనశాస్త్రం. చదువు తలకెక్కితే కొందరికి పొగరు వస్తుంది. ఆమెకు మాత్రం అనుమానం వచ్చింది. దేన్నీ ఒక్కసారి చూసి నమ్మేది కాదు. పాలు విరిగాయేమో అనిపిస్తే ఎవరైనా వాసన చూస్తారు. ఆమె ఆ పాలు ఓ గ్లాసులో, మంచి పాలు ఇంకో గ్లాసులో పోసి, రెండిటినీ కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూసేది.

"విరిగాయో లేదో నువ్వు తేల్చేలోగా రెండూ విరుగుతాయే అమ్మాయ్" అనేవారు అత్తగారు.

అత్తగారు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా నిలబడే చేశాను కాబట్టి మిగిలిన బతుకంతా కూర్చునే గడుపుతానని ప్రకటించి, హాల్లో కిటికీ పక్క కుర్చీని తన పేరున రాయించుకున్నంత పని చేశారు. పొద్దుటి పూట మనవరాలు ఆవిడ బాధ్యత. మధ్యాహ్నం మాత్రం సొంతం. భోజనం కాగానే పక్క భవనంలో పేకాట స్నేహితురాళ్లు ఎదురుచూస్తుంటారు. "మధ్యాహ్నం నుంచి బండి డిపోకే. పాసింజర్లు ఎక్కకూడదు" అనేవారు. అందుకే సీసాలమ్మది ఒంటిపూట ఉద్యోగం. మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరాల్సిందే.

చిక్కంతా ల్యాబులోకి ఓ కొత్త యంత్రం రావడంతో మొదలైంది. నీళ్లలో లోహాలు రవ్వంత ఉన్నా పట్టేసే యంత్రం. దాన్ని నడపడం ల్యాబులో అందరికంటే ముందు నేర్చుకున్నది సీసాలమ్మే. సెలవు రోజుల్లో కూడా వెళ్లి దాని ముందు కూర్చుని, అది ఎప్పుడు నిజం చెబుతుందో ఎప్పుడు కోతలు కోస్తుందో పసిగట్టింది. కానీ దాని దగ్గర మనిషి రోజంతా ఉండాలి. పొద్దున దాన్ని వేడెక్కించి, సరిచూసి, అప్పుడు నమూనాలు పెట్టాలి. సగంలో వదిలేసి ఇంటికి పోతానంటే కుదరదు.

"ఆ కుర్చీ నీదేనమ్మా" అన్నారు ల్యాబు పెద్దాయన. "కానీ పూట మనిషికి ఇవ్వలేను. నెలాఖరులోగా చెప్పు. కాదంటే ఇంకొకళ్లని చూసుకోవాలి."

అదే నెలలో వీధి మలుపులో ఉన్న చిన్నబడిలో కొత్త పిల్లల్ని చేర్చుకుంటున్నారు. గోడ మీద కిండర్‌గార్టెన్ అని ఒక్కో అక్షరం ఒక్కో రంగులో రాసి ఉంటుంది గానీ ఎవరూ అంత పేరు పలికేవారు కాదు. అక్కడ పిల్లలు పొద్దున వెళ్తే, మధ్యాహ్నం నిద్రపోయి లేచి, సాయంత్రానికి గానీ రారు. బుడ్డి అక్కడ చేరితే అమ్మ యంత్రం దగ్గర చేరవచ్చు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే. కాకపోతే చేరాలంటే నాలుగేళ్లు నిండాలి. బుడ్డికి ఇంకా కొన్ని వారాలు తక్కువ.

"కాస్త చిన్నపిల్లలైనా సిద్ధంగా ఉన్నారనిపిస్తే తీసుకుంటాం. లేదంటే వచ్చే ఏడే" అని చెప్పింది అక్కడి పెద్ద టీచరు.

సిద్ధంగా ఉండటం! సీసాలమ్మకు ఆ మాటే కొరుకుడు పడలేదు. నీళ్లలో ఉప్పెంతో చెప్పమంటే చెబుతుంది, క్లోరినెంతో చెబుతుంది. సిద్ధమెంతో ఏ కొలపాత్రలో పోసి చూడాలి?

ఇంట్లో అడిగింది. భర్త లిఫ్టు మెకానిక్కు. "మనుషుల్ని పైకి పంపి మళ్లీ కిందకి తెచ్చేది నేనొక్కణ్ణే" అని చెప్పుకుని నవ్వుకునే మనిషి.

"పిల్ల చురుగ్గానే ఉందిగా. లిఫ్టులో బటన్లన్నీ గుర్తుపడుతుంది. ఇంకేం కావాలి?" అన్నాడు.

"ఇటు రావే" అని బుడ్డిని పిలిచి తలుపు పక్కన నిలబెట్టారు అత్తగారు. చేత్తో పిల్ల తల మీద గీత గీసినట్టు చూసి, "అర టిక్కెట్టు కొట్టొచ్చు. బడికి పనికొస్తుంది" అని తేల్చారు.

"ఎత్తుకీ బడికీ ఏం సంబంధం అత్తయ్యా?"

"ఆ టీచరు తేదీ చూస్తోందిగా. తేదీకీ బడికీ ఏం సంబంధం?"

ఇలా లాభం లేదనుకుంది సీసాలమ్మ. తానే పరీక్షలు పెట్టుకుందామని నిశ్చయించుకుంది.

బుడ్డి బొత్తాలు తనే పెట్టుకోగలదా? గలదు, కాకపోతే కింది నుంచి మొదలుపెట్టి పైన ఒకటి మిగిలించుకుంటుంది. బాత్రూమ్ కావాలని ముందే చెబుతుందా? చెబుతుంది, అందరికీ వినబడేలా చెబుతుంది. తన వంతు వచ్చేదాకా ఆగుతుందా? నానమ్మ చేతుల్లో పెరిగిన పిల్ల, లైనులో నిలబడటం పాలతో పాటే నేర్చింది. ఎవరైనా ముందుకు తోసుకొస్తే "చిల్లర సిద్ధంగా పెట్టుకోండి" అని కూడా అనేది.

ఒక్క పిల్లను చూసి తేల్చేస్తే అది పరీక్షే కాదు కదా. పోల్చడానికి ఇంకో పిల్ల కావాలి. కింది వాటాలో ఉన్న ఫోటోగ్రాఫరు కూతురు ఏడాదిగా చిన్నబడికి వెళ్తోంది. సీసాలమ్మ ఆ పిల్లని ఓ మధ్యాహ్నం ఆటకు పిలిచి అవే పరీక్షలు పెట్టింది. ఆ పిల్ల చెప్పులు ఎడమది కుడికీ కుడిది ఎడమకీ వేసుకుంది, గౌను కాలరు నమిలింది, వంతు అన్న మాట వినగానే బొమ్మను ఒళ్లో దాచేసుకుంది.

"బళ్లో ఎలా ఉంటోందండీ?" అని వాళ్లమ్మని అడిగింది సీసాలమ్మ.

"బంగారం! టీచరు దీన్ని చూసి నేర్చుకోమంటుందట మిగతావాళ్లని" అందావిడ.

ఆ రోజుతో సీసాలమ్మకు తన పరీక్షల మీదే అనుమానం పట్టుకుంది. తన మీద అంతకంటే ఎక్కువ పట్టుకుంది. బుడ్డి ఏదన్నా చక్కగా చేస్తే ఆమె గుండె ఎగిరి గంతేసేది. వెంటనే ఓ ప్రశ్న పక్కనొచ్చి కూర్చునేది. ఈ గంతు పిల్ల కోసమా, యంత్రం కోసమా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడు కనీసం కుందేలును పట్టుకున్నాడు. తాను యంత్రం మీద కన్నేసి పిల్ల కాళ్లు లెక్కపెడుతోందేమో!

అయితే ఈ అనుమానాలన్నిటికీ విరుగుడు ఒకటి ఉంది. బుడ్డి ఉత్సాహం.

"బుడ్డీ, మనం బడికి వెళ్దామా?" అంటే చాలు, "వెళ్దాం!" అని చప్పట్లు కొట్టేది. పొద్దున అడిగినా అదే, స్నానం మధ్యలో అడిగినా అదే, జ్వరం తగిలిన రోజు అడిగినా అదే. ఎన్నిసార్లు చేసినా ఒకే ఫలితం వచ్చే పరీక్షను మించింది ఉందా? పైగా పిల్ల సంచి కూడా సర్దుకుంది. అందులో రెండు రుమాళ్లు, రెండు చెంచాలు, రెండు దువ్వెనలు ఉన్నాయి.

"చూశారా అత్తయ్యా! ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని!" అంది సీసాలమ్మ. ల్యాబులో ప్రతి నమూనాకూ జంట సీసా తీసే అలవాటు ఆమెది. ఎవరూ నేర్పకుండానే కూతురికి ఆ బుద్ధి అబ్బిందని కళ్లు చెమర్చాయి.

"అడుగున నీ పాత కళ్లజోడు కూడా ఉంది" అన్నారు అత్తగారు, సంచిలోకి తొంగి చూసి. "అది ఎవరికి జంట?"

"ఆడుకోవడానికి పెట్టుకుని ఉంటుందిలెండి."

శుక్రవారం బడికి రమ్మన్నారు. తల్లీ కూతుళ్లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్లారు. గదిలో మోకాలెత్తు బల్లలు, అరచెయ్యంత కుర్చీలు. గోడకు తడి ఆరని బొమ్మలు తీగ మీద బట్టల్లా వేలాడుతున్నాయి. పెద్ద టీచరు మోచేతికి నీలం రంగు అంటుకుని ఉంది. ఆవిడ నేల మీదే కూర్చుంది. బుడ్డి ఎదురుగా కూర్చుంది. సీసాలమ్మ ఓ చిన్న కుర్చీలో ఇరుక్కుని, నోరు తెరవకూడదని పెదాలు బిగించుకుంది.

"ఈ చెక్కబొమ్మలు ఎన్నున్నాయో చెప్తావా?" అంది టీచరు.

బుడ్డి వేలు పెట్టి లెక్కపెట్టింది. "జీ, ఒకటి, రెండు, మూడు."

టీచరు ఆగింది. "నాలుగున్నాయి కదమ్మా?"

"కాదు. ఇది జీ. ఇక్కడ ఎక్కాలి. మూడు దాకానే ఉంది" అంది బుడ్డి, పై అంతస్తు లేని భవనానికి తనేం చెయ్యలేనన్నట్టు.

"వాళ్ల నాన్న లిఫ్టులు..." అని సీసాలమ్మ నోరు జారింది.

"అర్థమైంది, అర్థమైంది" అంది టీచరు నవ్వాపుకుంటూ. "రంగులు తెలుసా బుడ్డీ?"

"తెలుసు. అమ్మకి కూడా తెలుసు" అంది బుడ్డి.

"బొత్తాలు ఎవరు పెట్టుకున్నారు?"

"నేనే. అమ్మవి అమ్మే పెట్టుకుంది. అమ్మ బాత్రూముకి కూడా ఒక్కత్తే వెళ్తుంది. అస్సలు ఏడవదు."

అడగకపోయినా తల్లిని పొగుడుతున్న కూతుర్ని చూసి సీసాలమ్మ మురిసిపోయింది. టీచరు మాత్రం ఒకసారి తల్లి వైపు, ఒకసారి పిల్ల వైపు చూసింది. ఇంకాసేపటికి బుడ్డి బల్ల దగ్గర ఇద్దరు పిల్లల మధ్య దూరి బంకమట్టితో పామును చేసేసింది. పక్కవాడు అడిగితే సగం తుంచి ఇచ్చింది. అన్నీ దివ్యంగా జరిగిపోతున్నాయి. సీసాలమ్మ మనసులో అప్పుడే యంత్రం ముందు కూర్చుని మీటలు నొక్కుతోంది.

"సరే, ఇక అమ్మకి టాటా చెబుదామా? అమ్మ బయట కూర్చుంటుంది" అంది టీచరు.

బుడ్డి మట్టి చేతులతో లేచి నిలబడింది. "ఎందుకు? అమ్మ కూడా బళ్లో చేరుతోందిగా."

టీచరు సీసాలమ్మ వైపు తిరిగింది.

"నేను కాదు తల్లీ, నువ్వు" అంది సీసాలమ్మ.

"నువ్వే అన్నావు! మనం బడికి వెళ్దామా అన్నావు. వెళ్దాం అన్నాను. నీకు చెంచా కూడా తెచ్చాను." బుడ్డి సంచిలోంచి ఒక్కొక్కటే తీసి చూపించింది. "నాదొకటి, నీదొకటి. నాది, నీది. కళ్లజోడు నీదే. నాకు కళ్లు కనబడతాయి."

సీసాలమ్మకు కుర్చీలోంచి లేవాలనిపించింది. కుర్చీ వదల్లేదు.

టీచరు మొహం గంభీరంగా పెట్టింది. "మీ అమ్మకి వయసు దాటిపోయిందమ్మా. కొన్ని వారాల తేడా అయితే సర్దుకుంటాం గానీ, మరీ అంత తేడా అంటే కష్టం."

"కానీ అమ్మ సిద్ధంగా ఉంది" అంది బుడ్డి.

పిల్లని మళ్లీ మట్టి దగ్గర కూర్చోబెట్టి, టీచరు తల్లిని తలుపు దగ్గరకు పిలిచింది. "పిల్లకి వయసుకు మించే వచ్చు. దాంట్లో నాకు సందేహం లేదు. కానీ ఒంటరిగా రావడం తనకి ఇష్టమో కాదో మనకి తెలియదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు కదా."

"మీరేమనుకుంటున్నారో చెప్పండి టీచర్ గారూ. మీరెలా అంటే అలాగే."

"నాకైతే ఇద్దరూ నచ్చారు" అంది టీచరు. "ఇంటికెళ్లి అడిగి, సోమవారం చెప్పండి. అప్పటిదాకా ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతాను. ఒక్కటే."

సీసాలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది. మందుల షాపు దాటాక తనలో తానే నవ్వుకుంది, అంతలోనే నవ్వు ఆగిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో వెతకాల్సిన పని కూడా లేదు. క్రిముల పరీక్షకు నీళ్లు పట్టేటప్పుడు సీసా మూత లోపలి వైపు వేలు తగలకూడదు. తగిలిందా, తర్వాత కనిపించే క్రిములు కుళాయివో, వేలివో దేవుడికే తెలియాలి. కొత్తగా చేరినవాళ్లకి ఆ మాట చెప్పేది తనే. ఇక్కడ వేలు కాదు, ఏకంగా మనిషే సీసాలో దిగిపోయింది. 'మనం' అని అడిగింది, 'మనం' అన్న జవాబు తెచ్చుకుంది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, పిల్ల తల్లిని వెంట తీసుకెళ్లింది.

ఆలోచిస్తే పిల్లకి పుట్టినప్పటి నుంచీ అదే మాట. "మనం అన్నం తిందామా" అంటే తినాల్సింది బుడ్డి. "మనం మందు వేసుకుందామా" అంటే మింగాల్సింది బుడ్డి. ఆ మాటకొస్తే పెద్దవాళ్లేం తక్కువ తినలేదు. "మనం ఈ రిపోర్టు ఇవాళే ఇచ్చేద్దాం" అని పెద్దాయన అంటే రాయాల్సింది సీసాలమ్మ. మొన్న పంటి డాక్టరు "మనం ఇది పీకేద్దాం" అన్నప్పుడు పన్ను ఎవరిదో అందరికీ తెలుసు. లోకంలో పని ఉన్న ప్రతిచోటా మనం ఉంటాం. చేసేది మాత్రం ఎప్పుడూ ఒక్కరే.

ఆదివారం పొద్దున హాల్లో ఉతికిన బట్టల కుప్ప ముందు కూర్చున్నారు తల్లీ కూతుళ్లు. బుడ్డి మేజోళ్లు జత చేస్తోంది. అత్తగారు తన కుర్చీలో ఉన్నారు. సీసాలమ్మ గొంతు సవరించుకుంది.

"బుడ్డీ, నువ్వొక్కదానివే బడికి వెళ్తావా? అక్కడ మట్టి, రంగులు, బోల్డంతమంది పిల్లలు..."

"టిక్కెట్టుతో పాటు బఠాణీలు కూడా పంచుతున్నావేంటే అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

సీసాలమ్మ నాలిక కరుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. "నేను అక్కడ ఉండను తల్లీ. సాయంత్రం దాకా నీకు నేను కనిపించను. మరి నువ్వు..."

"ఇప్పుడు బస్సులోంచి తోసేస్తున్నావు."

"అయితే మీరే అడగండి అత్తయ్యా!"

"నాకేం, నేనెటు అడిగినా మధ్యాహ్నం నాదే. నువ్వే అడుగు. తిన్నగా అడుగు."

సీసాలమ్మ చేతిలో దుప్పటి కింద పెట్టింది. "బడికి అమ్మ రాదు. నువ్వు వెళ్తావా, ఇంట్లో ఉంటావా?"

బుడ్డి ఓ మేజోడును చేతికి తొడుక్కుని ఆలోచించింది. "టీచరు మంచిదే. ఆవిణ్ణి ఇక్కడికి రమ్మను."

"ఆవిడ రాదు. అక్కడ బోలెడు పిల్లలున్నారు."

"అయితే నేను ఇంట్లో ఉంటా. ఇంకా పెద్దయ్యాక వెళ్తా." చెప్పేసి మళ్లీ కుప్పలో చెయ్యి పెట్టింది.

అంతే. ఇన్నాళ్ల పరీక్షలకూ జవాబు మేజోళ్ల మధ్యలోంచి వచ్చింది. సీసాలమ్మ "సరే" అంది. బాగానే అంది. కానీ మొహం ఏం చేసిందో ఆమెకు తెలియదు. బుడ్డికి తెలిసింది. పిల్ల ఆమె వంక చూసి, చేతి మేజోడు తీసేసి, దగ్గరకొచ్చి గడ్డం పట్టుకుంది.

"పోనీ వెళ్తాలే."

"ఏంటి?"

"వెళ్తాలే అమ్మా. నేనే. ఒక్కదాన్నే. నువ్వు మొహం అలా పెట్టకు."

ఇదిగో, కావాల్సిన జవాబు. ఇందులో మనం లేదు. కర్త ఒక్కరే, క్రియ స్పష్టం, సాక్షిగా అత్తగారు. రేపు పొద్దున టీచరు ముందు అక్షరం మార్చకుండా చెప్పొచ్చు, అబద్ధం కూడా కాదు. ఖాళీ కుర్చీలో బుడ్డి కూర్చుంటుంది, ఇంకో ఖాళీ కుర్చీలో తాను కూర్చుంటుంది. అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

పిల్ల ఇంకా గడ్డం వదల్లేదు. మొహం మారిందో లేదో పరీక్షగా చూస్తోంది. ఆ చూపు సీసాలమ్మకు బాగా తెలిసిందే. ల్యాబులో మందు చుక్కలు ఒక్కొక్కటే వేస్తూ, రంగు ఎప్పుడు మారుతుందా అని గాజు పాత్రను చూసే చూపు. ఈ ఇంట్లో పరీక్ష పెడుతున్నది తానొక్కతే కాదన్నమాట.

"వద్దులే బంగారం" అంది. "వచ్చే ఏడు చూద్దాం."

"చూద్దామంటే నువ్వూ వస్తావా?"

"లేదు లేదు. నువ్వే. వచ్చే ఏడు మళ్లీ అడుగుతాను. అప్పుడు కూడా నువ్వొక్కదానివే."

"సరే" అంది బుడ్డి. ఒక మేజోడు జత దొరక్క దాన్ని నానమ్మ కాలికి తొడగడానికి వెళ్లిపోయింది.

భోజనాల దగ్గర సంగతి భర్తకు చెప్పింది. అతను పళ్లెంలోంచి తలెత్తాడు. "మరి యంత్రం?"

"ఏముంది, ఇంకొకళ్లకి ఇస్తారు." ఆ మాట తేలిగ్గా అనాలనుకుంది. మొన్నటిదాకా ఆ యంత్రం గురించి చెబుతుంటే కూర చల్లారిపోయేది. ఇప్పుడు నాలుగు మాటల్లో అయిపోయింది.

"అదేంటి? నువ్వు నేర్చుకున్న పని ఇంకొకళ్లకి ఎందుకిస్తారు? ఒప్పేసుకో. మధ్యాహ్నాలు మనం చూసుకుందాంలే."

సీసాలమ్మ ముద్ద కలపడం ఆపింది. "మనం అంటే ఎవరండీ?"

"మనమంటే... మనమే."

"అదే, ఎవరు?"

"ఒరేయ్" అన్నారు అత్తగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి. "నా సర్వీసులో ఎన్ని రూట్లు తిరిగానో. మనం అనే స్టాపు ఎక్కడా లేదు. దిగేదెవరో చెప్పు."

అతను తల్లి వంక ఆశగా చూశాడు. "అమ్మా, నువ్వు కాస్త..."

"డిపో."

భార్య వంక చూశాడు. "నేను యంత్రం దగ్గర ఉంటాను" అంది ఆమె. కూతురి వంక చూశాడు. "నేను చిన్నపిల్లని" అంది బుడ్డి.

అతను వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. ఎటు నుంచి వేసినా ఒక వేలు మిగిలింది. "అంటే నేనా?"

ఎదురుగా ముగ్గురు ఆడవాళ్లు, అతనికి పారిపోయే అంతస్తు కూడా లేదు.

"తెల్లారుజాము షిఫ్టు ఒకటుంది" అన్నాడు, ముద్ద మింగుడు పడనట్టు. "ఆఫీసులు తెరిచేలోగా లిఫ్టులన్నీ చూసి రావాలి. ఎవరూ తీసుకోరు. చీకట్లో లేవాలి కదా. మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికొచ్చేయొచ్చు."

"మీరు లేస్తారా?" అంది సీసాలమ్మ. ఈ ఇంట్లో అందరికంటే ఆలస్యంగా లేచేది ఎవరో చెప్పక్కర్లేదు. పెళ్లినాడు కూడా అతన్ని మేనమామ నీళ్లు చల్లి లేపాడని ప్రతీతి.

"లేస్తాను."

"ఎవరు?"

"నేను. నేను లేస్తాను. నేను షిఫ్టు మార్చుకుంటాను. మధ్యాహ్నం నేను ఇంట్లో ఉంటాను. చాలా?"

"లేపే బాధ్యత నాది" అన్నారు అత్తగారు, ఇంకాస్త మజ్జిగ పోసుకుంటూ. ఆ మాట వినగానే అతని మొహంలో సగం వెలుగు పోయింది. ఆఖరి స్టాపులో నిద్రపోతున్నవాళ్లని లేపడంలో ఆవిడకు పెద్ద పేరు.

సోమవారం సీసాలమ్మ ముందు చిన్నబడికి వెళ్లి, వచ్చే ఏడు తీసుకొస్తానని చెప్పింది. టీచరు ఎందుకని అడగలేదు, తల మాత్రం ఊపింది. అక్కడి నుంచి ల్యాబుకు వెళ్లి పెద్దాయనకు ఒప్పుకుంటున్నానని చెప్పింది. "మంచిది, ఇక మనం ఆ యంత్రాన్ని పరుగెత్తిద్దాం!" అన్నారాయన. పరుగెత్తించేది ఎవరో ఆమెకు తెలుసు. ఇక్కడ మాత్రం రెట్టించి అడగలేదు. ఈ ఒక్క చోట ఆ పని ఆమెకే కావాలి.

షిఫ్టు మారడానికి మరో వారం పట్టింది. మొదటి రోజు పొద్దున భర్త అప్పటికే వెళ్లిపోయాడు, ఒక కాలికి నలుపు, ఒక కాలికి ముదురు నీలం మేజోడు వేసుకుని. సీసాలమ్మ గుమ్మంలో కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"నేను ల్యాబుకి వెళ్తున్నాను. నువ్వు రావట్లేదు. పొద్దుటి పూట నానమ్మ ఉంటుంది. మధ్యాహ్నం నాన్న వస్తాడు. సాయంత్రం నేను వస్తాను."

బుడ్డి అంతా విని తల ఊపింది. "ఏడుస్తావా?"

"ఏడవను."

"ఏడిస్తే సార్‌కి చెప్పు. ఇంటికి పంపించేస్తాడు."

"అలాగే."

బుడ్డి చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయింది. సీసాలమ్మ మెట్లు దిగింది. సగంలో ఆగి వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. పిలుస్తారేమోనని ఇంకాస్త నిలబడింది.

"ఇంకా అక్కడే ఉన్నావా అమ్మాయ్?" అని కిటికీలోంచి అత్తగారి కేక వినిపించింది. "మెట్ల మీద నిలబడకూడదు. ఎక్కైనా ఎక్కు, దిగైనా దిగు!"

సీసాలమ్మ దిగింది.